చిన్నదాని పొత్రం

రేపు మా పాపను ఉయ్యాలలో వేస్తున్నాం. ఇల్లంతా నిద్రపోయింది. నేను లాంతరు వత్తి తగ్గించుకుని, పాప పొట్ట పైకీ కిందికీ కదులుతోందో లేదో చూసుకుంటూ, మధ్యమధ్యలో ఇది రాసుకుంటున్నాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూడడం నాకు అలవాటైపోయింది. "ఊరికే అట్టా చూడమాకే, తల్లి దిష్టి చెడ్డది" అని మా అత్తగారు కసురుతుంది. అయినా చెయ్యి ఊరుకోదు.

మంచం పక్కన గోడవారగా ఒక పొత్రం ఉంది. సన్నికల్లు మీద పచ్చళ్ళు నూరే మామూలు నల్లరాతి పొత్రం. మా నాయనమ్మది. ఆవిడ పోయాక నా కాపురం సామానుతో వచ్చింది. రేపు ఉయ్యాలలో పాపకంటే ముందు పడుకోవలసింది ఇదేనని నేనంటే, సాయంత్రం అత్తగారు మొహం చిట్లించింది.

"పోయిన బిడ్డకు పెట్టిన రాయి గదంటే అది? మన పిల్లకెందుకు? ఇంకో రాయి కరువా?"

 ఆవిడకు జవాబు చెప్పాలంటే మా క్యాంపు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మేము తుంగభద్ర కాలవ నీళ్ళ వెంట రాయచూరు జిల్లాకు వచ్చినవాళ్ళం. కృష్ణ ఒడ్డున నాన్న వాటాకు వచ్చిన పొలం చెక్క చాలీచాలనిది. అది వదులుకుని ఇక్కడ నల్లరేగడి కొన్నారు. మాలా వలస వచ్చిన రైతులు కాలవ పక్కన కట్టుకున్న ఊళ్ళనే క్యాంపులంటారు. అప్పటికి నేను చిన్నపిల్లను. లారీలో సామాను మీద కూర్చుని వచ్చాం. దారంతా నాయనమ్మ ఒళ్ళోంచి దించనివి రెండే. ఒకటి గోంగూర విత్తనాల మూట, రెండోది ఈ పొత్రం. "సన్నికల్లు ఏడైనా దొరుకుద్ది. చేతికి అలవాటుపడ్డ పొత్రం దొరకదు" అనేది.

మా కాలవకు మొదటిసారి నీళ్ళు వదిలిన రోజు క్యాంపు జనమంతా పసుపు కుంకుమలు పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. ముందు నీళ్ళు రాలేదు, చప్పుడు వచ్చింది. ఆ తరవాత ఎండుటాకుల్నీ పుల్లల్నీ తేళ్ళనూ తోసుకుంటూ ఎర్రటి నురగ వచ్చింది. బీటలువారిన రేగడి ఆ నీళ్ళు తాగుతుంటే లేచిన వాసన నాకింకా గుర్తుంది. పెద్దవాళ్ళు దండాలు పెట్టారు, పిల్లలం నురగ వెంట పరిగెత్తాం. మా అమ్మ మాత్రం ఏడ్చింది. ఇక వెనక్కి పోవడం లేదని ఆ రోజే ఆమెకు తెలిసిందనుకుంటాను.

ఏటా నాట్ల వేళకు రాయచూరు దగ్గరి మట్మారి వైపు నుంచి కూలీలు వచ్చేవాళ్ళు. వాళ్ళదీ తెలుగే, కానీ మా తెలుగు కాదు. నాయనమ్మ గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుని, "మీ ఏందులూ మీ గిట్లలూ నా తలకెక్కవే, తెలుగులో చెప్పండి" అనేది. బురదలో వంగిన ఆడవాళ్ళు నడుములు ఎత్తకుండానే నవ్వేవాళ్ళు.

"మేం జెప్పేదే తెలుగు అవ్వా. మీది కాల్వల కొట్టుకొచ్చిన తెలుగు. నీళ్ళు బందయితే అది గూడ బందయితది."

అందరికంటే ముందు నాయనమ్మే పగలబడి నవ్వేది.

వాళ్ళలో ఒకామె సరిగ్గా నా ఈడుది. ఆమె పెనిమిటి మా పొలానికి నీళ్ళు కట్టేవాడు. అందుకని నాట్లు అయిపోయినా ఊరికి వెళ్ళిపోకుండా, అత్తతో సహా ముగ్గురూ కాలవ గట్టు మీద గుడిసె వేసుకుని ఉండిపోయారు. నేను అప్పటికి పట్నంలో, అంటే హైదరాబాదులో, హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. రాయచూరు కన్నడ రాష్ట్రంలో కలిసిపోయి ఏళ్ళు గడిచినా, ఆ వైపు వాళ్ళకు పట్నమంటే హైదరాబాదే. సెలవులకు వచ్చినప్పుడల్లా నేను సరదాగా నాటుకు దిగేదాన్ని. ఆమె నా వరుస చూసి, "అక్కా, పాము వంకర్లు తిరుక్కుంట పోయినట్టున్నది, జర నువ్వు గట్టు మీద కూసోని పాట పాడు, నీకు పున్నెముంటది" అనేది. ఆమె నన్ను అక్కా అనేది. నేను పిలవడానికి ఆమెకు పేరుంది, కానీ ఇక్కడ రాయను.

ఆ ఏడు దసరా సెలవులకు బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి, నాయనమ్మ చదువు సంగతి అడగలేదు. "కాళ్ళు కడుక్కుని రా. నీ నేస్తాన్ని చూద్దువుగాని" అంది. వరి పొట్ట మీద ఉంది. గట్టు మీద మంచు తడి. గుడిసెలో చాప మీద ఆమె కూర్చుని ఉంది, ఒళ్ళో గుడ్డమూట. మూట విప్పి చూపించింది.

ఇద్దరు ఆడపిల్లలు. ఎదురెదురుగా, ఒకరినొకరు కావలించుకున్నట్టున్నారు. రొమ్ము ఎముక దగ్గర్నుంచి బొడ్డు దాకా కలిసిపోయి ఉన్నారు. ఒకతి ఉన్నంతలో ఒడ్డూ పొడుగూ ఉంది. రెండోది పిట్టంత. దాని తల పెద్దదాని గడ్డం కింద దూరి ఉంది. నేను చాప అంచున మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"సూడు అక్కా," అంది ఆమె, నన్ను తేలిక పరచడానికే అన్నట్టు, "బయటికొచ్చినంక గూడ ఒకదాన్నొకటి ఇడిసిపెడ్తలేవు."

వాళ్ళకు తొడగడానికి చొక్కా ఎలా కుట్టాలో ఎవరికీ తోచలేదట. చివరికి నాయనమ్మ తన పాత నేత చీర కత్తిరించి నాలుగు చేతుల చొక్కా కుట్టింది. వీపుల దగ్గర ముడులు. అది చూసి ఆమె ఆ రోజంతా నవ్విందని నాయనమ్మ చెప్పింది.

చూడడానికి జనం బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. కొందరు దండం పెట్టి పసుపు చల్లిపోయేవాళ్ళు, కొందరు చీపురుపుల్లతో దిష్టి తీసుకుని పోయేవాళ్ళు. ముదగల్ నుంచి ఒకాయన వచ్చాడు. పీర్ల పండుగకు అక్కడ జనం బాగా కూడతారనీ, డేరా వేసి పిల్లల్ని పడుకోబెడితే చాలనీ, మిగతాదంతా తాను చూసుకుంటాననీ చెప్పబోయాడు. మాట సగంలోనే ఆమె అత్త పొయ్యిలోంచి కొరివి తీసి లేచింది.

"డేరల నీ పెండ్లాన్ని కూసోబెట్టుకో, తలకాయ ఒక్కటే ఉన్నదని బాధపడకు, నీది గూడ పెట్టు పక్కకు!"

ఆయన చెప్పులు వదిలేసి గట్టు దిగాడు. ఆ అత్త నోరు అలాంటిది. కానీ పిల్లల విషయంలో అత్తకూ కోడలికీ పడలేదు. అత్త దృష్టిలో పుట్టింది ఒక్క బిడ్డ. చిన్నది ఆ బిడ్డకు అంటుకుని వచ్చిన అదనపు ముక్క. కోడలు మాత్రం మొదటి రోజు నుంచీ ఇద్దరనే అంది. పాలిచ్చేటప్పుడు పెద్దదానికి ఇచ్చాక, చిన్నదాని వైపు తిప్పి, దాని నోటికి అందించి, అది పట్టినా పట్టకపోయినా అంతసేపూ కూర్చునేది.

ఈ తగవు తొట్టెల పండుగ రోజు బయటపడింది.

ఆ వైపు ఆచారం ఇది. బిడ్డను తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేసే రోజు, ముందు ఒక గుండుకు, అంటే నూరే పొత్రానికి, నీళ్ళు పోసి, పసుపు రాసి, కాటుక పెట్టి, బిడ్డకు చుట్టినట్టే బట్ట చుట్టి తొట్టెలలో పడుకోబెడతారు. రాయిలాగా గట్టిగా బతకాలని. తరవాత తొట్టెలకు అటొకరు, ఇటొకరు నిలబడతారు. ఒకరు గుండును తొట్టెల కిందినుంచి అందిస్తూ "గుండు తీస్కో, బిడ్డనియ్యి" అంటారు. అవతలామె గుండు తీసుకుని, బిడ్డను పైనుంచి ఇస్తుంది. అప్పుడే చెవిలో పేరు పిలుస్తారు. అలా గుండు తీసుకున్న మనిషికి ఆ బిడ్డతో చుట్టరికం కుదిరినట్టే. బిడ్డకు ఏ కష్టమొచ్చినా ఆమె రావాలి. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. ఊపిరి నిలుస్తుందో లేదో తెలియని బిడ్డకు గుండు పెట్టరు, పేరు పెట్టరు. పేరు లేని బిడ్డ పోతే మనాది, అదే బెంగ, ఉండదంటారు.

ఆమె రెండు గుండ్లు కావాలంది. గుడిసెలో ఉన్నది ఒక్కటే. మా ఇంటికి వచ్చి నాయనమ్మను అడిగింది. నాయనమ్మ కాసేపు గొణిగింది. "రేప్పొద్దున పచ్చడి దేంతో నూరనే, నీ మోచేత్తోనా?" అని. తరవాత తనే పొత్రం కడిగి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

అత్త పెద్దదాని గుండు తీసుకుంది. రెండోదాని దగ్గర చేతులు కట్టుకుని నిలబడిపోయింది. "అది నిలిసేదాక నేను తీస్కోను. దానికి పేరొద్దు." గుడిసె ముందు కూడిన ఆడవాళ్ళంతా నేల చూపులు చూశారు. ఆమె నా వైపు చూసింది. అంతే. నేను లేచి తొట్టెల అవతలికి వెళ్ళాను. నాకు పెళ్ళి కూడా కాలేదు, ఆ ఆచారం మాది కాదు. అయినా పసుపు రాసిన పొత్రం తొట్టెల కిందినుంచి నా చేతికి వచ్చింది. పిల్లలు ఒక్క మూట కదా, మొదట పెద్దదాని పేరున ఇచ్చిపుచ్చుకున్న మూటనే, మళ్ళీ చిన్నదాని పేరున నేనిచ్చాను. ఎవరో ముసలమ్మ, "ఒక్క గంపను రెండు సార్లు అమ్ముతున్నరు, ఉషారోళ్ళే" అంది. అప్పుడందరూ నవ్వారు. అత్త కూడా.

సెలవులు అయిపోయేసరికి చిన్నదాని పెదవులు అప్పుడప్పుడూ నీలంగా తిరుగుతున్నాయి. రాయచూరులో చూసిన డాక్టరు, ఇది మా చేతిలోది కాదు, పట్నం తీసుకుపొమ్మన్నాడు. నేను ఎలాగూ హాస్టలుకు పోవాలి. ఆమె, పెనిమిటి, అత్త, నేను కలిసి బయల్దేరాం. దారిలో కల్మలలో బస్సు ఆగినప్పుడు అత్త దిగి వేపరెమ్మ తెంచి మూటలో పెట్టింది. రాయచూరులో రైలెక్కి, వాడి జంక్షన్లో బండి మారాం. జనం తొంగి చూడకుండా ఆమె దారంతా కొంగు కప్పుకునే ఉంది. ఎవరైనా "ఏం బిడ్డ?" అని అడిగితే, "కవలలు" అనేది. అది అబద్ధం కాదు కదా.

పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు చూసేది ఒక డాక్టరమ్మ. నడివయసు, సన్నటి మనిషి, కళ్ళద్దాలు మెడలో తాడుకు వేలాడేవి. పరీక్షలన్నీ అయ్యాక నన్ను గదిలోకి పిలిచింది. వాళ్ళకు నెమ్మదిగా చెప్పగలిగేది నువ్వేనంది. ఇద్దరి కాలేయం ఒకటే. గుండెలు వేరు, కానీ చిన్నదాని గుండె పుట్టుకతోనే సరిగా లేదు. పెద్దదాని నెత్తురే దాన్ని నడుపుతోంది. ఇలాగే ఉంచితే కొన్ని నెలలు. ఆ తరవాత చిన్నదాని గుండె ఆగిన రోజునే పెద్దదీ పోతుంది. ఇప్పుడే విడదీస్తే పెద్దది బతకొచ్చు, బతకకపోవచ్చు. చిన్నది మాత్రం బతకదు.

"ఒప్పుకోలు కాగితం మీద తండ్రి నిశానీ వేస్తే చాలని మా పెద్దడాక్టరు గారంటున్నారు," అంది ఆవిడ. "నాకు చాలదు. మోసిన మనిషి ఒప్పుకోకుండా నేను కత్తి పట్టను. ఇంతవరకు ఒక బిడ్డను బతికించడానికే పట్టాను గానీ, ఇంకో బిడ్డ పోతుందని తెలిసి పట్టలేదమ్మా. నాకూ నిద్ర లేదు."

గది బయట కుళాయి దగ్గర ఆమె పెనిమిటి నా కోసం నిలబడి ఉన్నాడు. డాక్టరమ్మ అంతకుముందే ఆయనకు కొంత చెప్పింది.

"అక్కా, చిన్నది చస్తదని దానికి జెప్పకు. ఇద్దరూ బతుకుతరని జెప్పు. లేకుంటే అది ఒప్పుకోదు. పెద్దదన్న దక్కనియ్యి."

మనిషి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన మాటలో దుర్మార్గం లేదు. ఉన్న ఇద్దరిలో ఒకరినైనా ఇంటికి తీసుకుపోవాలన్న ఆశే ఉంది. కానీ చిన్నదాని గుండు తీసుకున్నది నేను. ఆ చుట్టరికం నాటకమే అయినా, ఆ క్షణంలో నాకు నాటకంలా అనిపించలేదు. వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను. ఏదీ దాచలేదు.

ఆమె విని, "ఇంటికి పోదాం" అంది. అంతకంటే ఏమీ అనలేదు.

పెనిమిటి గోడకు తల కొట్టుకున్నాడు.  అత్త నెమ్మదిగా, తిట్టకుండా అంది. తిడితే బాగుండేది.

"నేను జెప్తి గద బిడ్డా. పేరు పెట్టకే, గుండు పెట్టకే అంటి. పేరు లేకుంటే ఏమున్నది, అది పెద్దదాని పక్కన మొలిసిన తునక. దవాఖానోళ్ళు తీసేసిండ్రు అనుకుంటుంటిమి. నువ్వే దాన్ని మనిషిని జేస్తివి. ఇప్పుడు ఆ మనిషి మీద నువ్వే నిశానీ ఎయ్యాలె."

అత్త ఆ మాట కోడలి మీద కోపంతో అనలేదు. ఆ కట్టుబాటు ఎందుకు పెట్టారో ఇన్నాళ్ళకు నాకు అర్థమైంది. ఇలాంటి రోజు రాకుండా తల్లిని కాపాడుకోవడానికే అనుకుంటాను. ఆ కాపుదల వద్దన్నది కోడలే.

డాక్టరమ్మ వాళ్ళను పంపెయ్యలేదు. వారం ఆలోచించుకోండి, ఆ లోపల ఏమైనా అయితే నేనున్నానంది. నేను హాస్టలుకు వెళ్ళిపోయాను. క్లాసులో కూర్చున్నా నాకు వార్డే కళ్ళముందుండేది. నా గదిలో ఉండే అమ్మాయి తర్కం చదివేది. "ఇందులో ఏముంది, ఇద్దరు పోయే బదులు ఒకరు మిగలడం మేలు కదా" అంది. ఆ అమ్మాయి మాట తప్పని నేను చెప్పలేకపోయాను. కానీ ఆ మాట ఆ తల్లి ముందు నోరు తెరిచి అనగలవా అని అడిగితే, అననంది.

ఆదివారం వెళ్ళేసరికి ఆమె మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ముందు రోజు చిన్నదానికి ఊపిరాడలేదట. దాని మొహం నీలమైంది. కాసేపటికి పెద్దదాని అరికాళ్ళు కూడా నీలమయ్యాయి. చిన్నది తేరుకుంది గానీ, పెద్దది రాత్రంతా ఏడవకుండా అలా పడి ఉందట.

"అది పోతె ఇది ఎంబడి పోతదని నువ్వు జెప్పినప్పుడు నేను ఇన్న గాని, నమ్మలే అక్కా. నిన్న నా కండ్లతోని సూసిన," అంది. "డాక్టరమ్మను పిలువు. అడిగేటియి ఉన్నయి."

డాక్టరమ్మ వచ్చి మంచం చివర కూర్చుంది. ఆమె పిల్లల వీపుల మీద చెయ్యి వేసుకునే మాట్లాడింది.

"కోసినంక చిన్నదాన్ని ఏం జేస్తరు?"

 డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. విడదీసినప్పుడు పెద్దదాని పొట్ట తెరుచుకుని ఉంటుంది, మూయడానికి చర్మం చాలదు. చిన్నదాని వైపు నుంచి తీసుకోవలసి వస్తుంది.

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె మాత్రం డాక్టరమ్మ మొహంలోకే చూస్తూ ఉంది.

"తీస్కో. ఎంత కావాల్నో అంత తీస్కో. అక్కకు చెల్లె ఇయ్యదా?" అని, ఆగింది. "గాని మిగిలిన దాంతోని దాన్ని గూడ కుట్టాలె. తునక లెక్క బేసిన్ల పడెయ్యొద్దు. దానికి ఇంకో మంచం, ఇంకో దుప్పటి ఉండాలె. ఊపిరున్నంగనే తెచ్చి నా ఒళ్ళ ఇయ్యాలె. పేరు పెట్టి పిలిసి ఇయ్యాలె. గట్లయితెనే నిశానీ."

"అది కుట్టే దాకా నిలుస్తుందని నేను మాటివ్వలేనమ్మా."

"నిలవకుంటె నిలవకపాయె. నువ్వు కుడ్తనని మాటియ్యి."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఇద్దరు పిల్లలకు ఇద్దరు డాక్టర్లం నిలబడతామంది. చిన్నదాని దగ్గర తానే ఉంటానంది. ఆమె తనే వేలు చాపి, సిరా పూయించుకుని నిశానీ వేసింది. తరవాత పెనిమిటి వేశాడు.

ఆపరేషను రోజు మేం నలుగురం వరండాలో కూర్చున్నాం.  ఎండ ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి జరిగింది. తలుపు తెరుచుకుని డాక్టరమ్మ తనే బయటికి వచ్చింది. చేతుల్లో తెల్లగుడ్డ చుట్టిన చిన్నది. ఆ పసిదాని పేరు పిలిచి, "ఇదిగో తల్లీ, నీ బిడ్డ" అని ఆమె ఒళ్ళో పెట్టింది. పొట్టకు అడ్డంగా కట్టు ఉంది. ఊపిరి ఉంది.

ఆమె చిన్నదాన్ని విడిగా ఎత్తుకోవడం అదే మొదటిసారి. చేతుల్లో తూచుకున్నట్టు ఒకసారి కిందికీ పైకీ ఆడించింది.

"ఎంత అల్కగున్నది అక్కా," అంది. "ఇన్ని దినాలు పెద్దదాని బరువే దీనిదనుకున్న."

చెవిలో పేరు పిలిచింది. రొమ్ము అందించింది. అది పట్టలేదు. ఆమె కూర్చుంది, ఎప్పటిలాగే అంతసేపూ. అత్త వచ్చి పక్కన కూలబడి, తొట్టెల రోజున తాను పిలవనన్న ఆ పేరుతోనే మనవరాలిని పిలిచింది. ఒకసారి కాదు. పొద్దు వాలకముందే ఊపిరి ఆగింది.

పెద్దది చాలా రోజులు అటూ ఇటూ ఊగి, చివరికి నిలిచింది.

ఆ ఏడు నేను పరీక్షలు రాసే ముందు ఒకసారి డాక్టరమ్మను చూడడానికి వెళ్ళాను. మీరు చేసింది సరైనదేనా అని అడిగేంత చనువు అప్పటికి వచ్చింది. "తెలియదు," అంది. "చిన్నదాన్ని కుట్టడానికి నేను తీసుకున్న సమయం పెద్దదానికి మంచిది కాదని తోటివాళ్ళన్నారు. నిజమే కావచ్చు. కానీ నా ముందు రెండు బల్లలున్నాయి. ఒకటి ఖాళీ అని నేను అనుకోలేకపోయాను."

ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా? "కన్నబిడ్డను కోయించుకుంది" అన్నవాళ్ళు లేకపోలేదు. వాళ్ళకు జవాబు అత్తే చెప్పేది. "నీ కడుపుల గట్ల పుట్టిన్నాడు రా, కూసోని మాట్లాడుదాం. అప్పటిదాక నోరు మూసుకోని నాటెయ్యి." కోడలు ఒక్క మాట కూడా అననక్కర లేకపోయింది.

మరుసటి నాట్లకు ఆమె నాయనమ్మ దగ్గరకు వచ్చింది. చంకలో పెద్దది, కొంగులో చుట్టిన పొత్రం. నేనూ ఇంట్లోనే ఉన్నాను.

"అవ్వా, నీ గుండు. ఇంట్ల పెట్టుకుంటె సూసినప్పుడల్ల పానం గుంజుతున్నది. నూరబుద్ధి గాదు, పారెయ్యబుద్ధి గాదు."

నాయనమ్మ పొత్రం అందుకుంది. దేవుడి అరలో పెడుతుందేమో అనుకున్నాను. లేదు. పెరట్లోకి తీసుకుపోయి కడిగి, సన్నికల్లు ముందు కూర్చుని, ఉడికించిన గోంగూర, ఎండుమిరపకాయలు, ఉప్పు వేసి నూరింది. మొదట్లో రాయి నోరు పెగలనట్టు ఆగి ఆగి తిరిగింది. తరవాత పాత చప్పుడు వచ్చింది. ఆమె గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు వింటూ ఉండిపోయింది.

"రాయిని ఊరికే ఉంచితే దానికీ మనాది పడుద్దే," అంది నాయనమ్మ. "రా, కూకో. అన్నం తిను." వేడన్నంలో పచ్చడి కలిపి ముద్దలు చేసి ఆమె చేతిలో పెట్టింది. పెద్దది కూడా నాకి, కారానికి కెవ్వుమంది. ఏడుస్తూ మళ్ళీ చెయ్యి చాపింది. ఆ కేక విని నాయనమ్మ మురిసిపోయింది. "నాలిక మా కాలవ వైపుదే" అని.

ఇప్పుడు ఆ రోజులు తలుచుకుంటే నాకు ఏడుపు కంటే ఎక్కువగా ఆ పచ్చడి వాసన, తడి గట్టు, నాలుగు చేతుల చొక్కా గుర్తొస్తాయి. ఇలా గుర్తుండడం తప్పేమో. కానీ ఆ కాలం నాకు అలాగే మిగిలింది. క్యాంపులో ఇప్పుడు పెంకుటిళ్ళు లేచాయి. కాలవ గట్టు మీద ఆ గుడిసె లేదు. నాయనమ్మ లేదు. తొట్టెల ముందు గుండు పెట్టే ఆచారం మాత్రం కాలవ నీళ్ళు తాగిన మా ఇళ్ళన్నిటికీ అంటుకుంది.

మట్మారికి కబురు పంపితే ఆమె ఈ రోజు మధ్యాహ్నం బస్సుకు దిగింది, కూతుర్ని వెంటబెట్టుకుని. ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతోంది. పొట్ట మీద వెడల్పాటి మచ్చ. అడిగినవాళ్ళకు గౌను ఎత్తి చూపిస్తుంది, "ఇది మా చెల్లెది" అని. మచ్చనంటోందో చర్మాన్నంటోందో నేనడగలేదు. ఇప్పుడు వసారాలో తల్లి పక్కన పడుకుంది. అందరు పిల్లల్లాగే కాళ్ళు ఎటో, చేతులు ఎటో.

సాయంత్రం అత్తగారు రాయి సంగతి ఎత్తినప్పుడు ఆమె అక్కడే కూర్చుని బియ్యం ఏరుతోంది. చేటలోంచి తల ఎత్తలేదు.

"వద్దంటె వద్దమ్మా, మీ పిల్ల, మీ ఇష్టం," అంది. "గాని ఆ గుండు పండుకున్న తొట్టెల్నే నా పెద్దది గూడ పండుకున్నది. అది సూడుండ్రి, మీ కోడిపిల్లలన్నిట్ని తరుముతున్నది."

పెరట్లో నిజంగానే కోడిపిల్లల గోల. అత్తగారు అటు చూసింది. ఆ తరవాత ఆమె చేట పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"అక్కా, ఆ దినం ఎవ్వరూ రాకుంటె నువ్వు నా బిడ్డ గుండు తీస్కున్నవు. రేపు నీ బిడ్డ గుండు నేను తీస్కుంట. ఏ రాయన్న సరే."

అత్తగారు లోపలికి వెళ్ళిపోయింది. పడుకునే ముందు చూస్తే, పొత్రం కడిగి ఉంది. పక్కన గిన్నెలో తడిపిన పసుపు.

పాప కదిలింది. పాల వేళయింది. ఇంతసేపు నేను దాని ముక్కు దగ్గర వేలు పెట్టలేదని ఇప్పుడే గుర్తొచ్చింది.